సమాధానం: అమెరికాలోని డెన్వర్‌లో ఇవాళ 93 డిగ్రీల ఫారెన్‌హీట్, రేపు మంచు: యాప్ తప్పు కాదండీ

ఇవాళ ఎండ మండిపోతుంటే రేపటికి మంచు చూపిస్తోంది, వాతావరణం యాప్ పాడైందా, కుండీలో కరివేపాకు, పెరట్లో టమాటా, వంకాయ ఏం చేయాలని అడిగారు కదా. యాప్ బాగానే ఉంది. 2020 సెప్టెంబర్ 5న డెన్వర్‌లో 101 డిగ్రీల ఫారెన్‌హీట్, 7న 93, 8న మంచు! కెనడా వైపు నుంచి చలిగాలి దిగితే మధ్యలో అడ్డుకునే కొండలు లేవు. అదే గాలి తూర్పు నుంచి రాకీ పర్వతాల వాలు ఎక్కుతూ ఇంకా చల్లబడి మంచు కురిపిస్తుంది.

ముందు కరివేపాకు కుండీని ఇంట్లో పెట్టేయండి, అది ఈ చలికి అస్సలు ఆగదు. టమాటాల్లో రంగు తిరుగుతున్నవన్నీ ఇవాళే కోసేయండి, వంటింట్లో పండుతాయి. గట్టి పచ్చివి పచ్చడికి బంగారం. వంకాయలూ కోసేసి, చీకటి పడకముందే మొక్కల మీద పాత దుప్పటి నేలదాకా కప్పి అంచుల మీద రాళ్లు పెట్టండి. నేలలోని వేడి లోపలే నిలుస్తుంది. ప్లాస్టిక్ కవర్ ఆకులకు తగిలితే తగిలినచోట మాడిపోతాయి.

బయటి కుళాయికి ఉన్న నీళ్ల పైపు తప్పకుండా ఊడదీయండి. అందులో నీళ్లు గడ్డకడితే కుళాయి పగులుతుంది, ప్లంబర్ బిల్లు చూస్తే అసలు చలి అప్పుడు పుడుతుంది. చెట్లకింద కారు ఉంచకండి. ఇంకా ఆకులున్న కొమ్మలు తడిమంచు బరువుకి విరుగుతాయి. రెండు మూడు రోజుల్లో మళ్లీ ఎండ కాస్తుంది, స్వెట్టర్లతో పాటు టీషర్టులూ చేతికందేలా ఉంచుకోండి.