రెండో తరగతి మళ్ళీ చదివించాలా? ముందు కారణం తెలుసుకోండి

మీరు అడిగింది ఇదీ: బాబు విజయవాడలో రెండో తరగతి పూర్తి చేస్తున్నాడు, ఈ జూన్‌కి ఏడేళ్ళు నిండుతాయి. లెక్కలు బాగానే చేస్తాడు కానీ తెలుగైనా ఇంగ్లీషైనా చదవడం దగ్గర ఆగిపోతున్నాడు. స్కూలు వాళ్ళు ఇంకో ఏడాది రెండులోనే ఉంచమంటున్నారు. మీ ఆయన ససేమిరా అంటున్నారు, అత్తగారేమో ఏడాది దండగ, చుట్టాల్లో తలెత్తుకోలేం అంటున్నారు. తప్పిన పిల్లల్ని ఆపొచ్చని పేపర్లో చూసి మీరు ఇంకా కంగారు పడ్డారు, ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నారు.

మాది గుంటూరు, కొరిటెపాడు. మా పాప ఒకటో తరగతి రెండేళ్ళు చదివింది. విజయవాడ పటమటలో ఉండే మా అన్నయ్య కొడుకు నాలుగో తరగతి రెండేళ్ళు చదివాడు. పాపకి మేలు జరిగింది, వాడికి జరగలేదు. రెండూ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. బాబు ఎందుకు వెనకబడ్డాడో తెలియాలి. ఆపితే ఆ ఏడాదిలో వాడికి కొత్తగా ఏం జరగబోతోందో కూడా తెలియాలి. ఈ రెండిటికీ జవాబు దొరికితేనే ఆపండి, లేదంటే మూడో తరగతికి పంపించి చదవడం మీద విడిగా పని చేయించండి.

ముందు ఒక భయం తీసేస్తాను. స్కూలు వాళ్ళు చెప్పింది సలహా మాత్రమే, తీర్పు కాదు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదట్లో ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదని ఉండేది. 2019లో సవరించారు. ఇప్పుడు ఐదులోనూ ఎనిమిదిలోనూ పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళకి విడిగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చు. 2024 డిసెంబరులో కేంద్రం కేంద్రీయ విద్యాలయాల్లాంటి తన బడుల్లో ఆపడానికి వీలు కల్పిస్తూ నిబంధనలు మార్చింది. మీరు పేపర్లో చూసి కంగారు పడింది దాని గురించే అయ్యుంటుంది. అది కూడా ఐదు, ఎనిమిది తరగతుల సంగతే. రెండో తరగతి పిల్లాడిని మీకు ఇష్టం లేకుండా ఎవరూ ఆపలేరు. ‘ఆపకపోతే టీసీ తీసుకోండి’ అని ఎవరైనా అంటే, ఎనిమిది పూర్తయ్యే దాకా ఏ పిల్లాడినీ బడి నుంచి పంపేయకూడదని అదే చట్టంలో ఉందని నెమ్మదిగా గుర్తు చేయండి.

ఇక మా పాప సంగతి. ఆగస్టులో పుట్టింది. మూడేళ్ళు నిండకముందే నర్సరీలో వేయడంతో ఒకటో తరగతికి వచ్చేసరికి క్లాసులో అందరికంటే చిన్నది. పాఠం ముందు పెడితే గడగడా చదివేది. చూసేవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నేను పక్కన కూర్చుని చూస్తే నోరు ఒక చోట ఉండేది, వేలు రెండు మాటలు వెనక నడిచేది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి వాక్యం మధ్యలో ‘చిలక’ అన్న మాట చూపించి ఇదేంటమ్మా అంటే, పేజీ వంక కాకుండా నా మొహం వంక చూసేది. పాఠం అంతా విని పట్టేసింది కానీ అక్షరాలు కలిపి చదవడం ఇంకా రాలేదు. క్లాసులో అప్పటికే వత్తులు దాటి పెద్ద వాక్యాల్లోకి వెళ్ళిపోయారు. మా పాప కోసం గుణింతాలకి తిరిగి రావడానికి నలభై మంది ఉన్న క్లాసులో టీచరుకి మాత్రం తీరికెక్కడిది?

మేము ఆపాం, కానీ అక్కడే ఆపలేదు. ఇంటికి దగ్గర్లో ఇంకో చిన్న బడిలో ఒకటో తరగతిలో వేశాం. పాత స్నేహితులు పై క్లాసుకి వెళ్ళడం కళ్ళ ముందు లేదు. కొత్త బడిలో క్లాసుకి పిల్లలు తక్కువ. చేర్చే ముందే హెడ్ మిస్ట్రెస్ గారితో ఒక మాట అనుకున్నాం: రోజూ కాసేపు పాపతో విడిగా తెలుగు చదివించాలి, ఇంగ్లీషు కొన్నాళ్ళు నిదానంగా సాగినా ఫరవాలేదు. ఇంట్లో మేం పాఠ్య పుస్తకం పక్కన పెట్టి గుణింతాల నుంచి మొదలుపెట్టాం. బ్రాడీపేట వెళ్ళేటప్పుడు స్కూటీ మీద ముందు నిలబడి షాపుల బోర్డులు కూడబలుక్కునేది. ‘క్ష’ వచ్చిన చోటల్లా మాట మింగేసేది. సంక్రాంతి సెలవులయ్యేసరికి ‘లక్ష్మీ ఫ్యాన్సీ’ తనంతట తనే చదివేసింది. అంటే పాపకి పనికొచ్చింది మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవడం ఒక్కటే కాదు. వయసుకి సరిపోయే క్లాసు దొరికింది, అక్షరం మళ్ళీ మొదటి నుంచి నేర్పించిన మనుషులు దొరికారు.

అన్నయ్య కొడుకు విషయంలో ఇవేవీ మారలేదు. అదే బడి, అదే టీచరు, అవే నోట్సులు. ఎఫ్‌ఏ-1లో, అంటే ఏడాదిలో మొదట పెట్టే చిన్న పరీక్షలో, మార్కులు బాగా వచ్చాయి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వచ్చిన మార్కులన్నీ పోయినేడు విన్న పాఠాలవే. ఏడాది చివరికి మళ్ళీ మొదటికొచ్చింది, ఐదో తరగతిలోనూ అంతే. వాడికంటే రెండు క్లాసులు వెనక ఉండే చెల్లెలు ఇప్పుడు ఒక్క క్లాసే వెనక. సాయంత్రాలు ఆ పిల్ల వాడి సోషల్ పాఠం పైకి చదివి పెడితే, విని ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబులు చెప్పేవాడు. పుస్తకం వాడి చేతికిస్తే మొదటి లైనులోనే చెమటలు. అది చూశాకే వదిన పట్టుబట్టి, చదువులో ఇబ్బంది పడే పిల్లలకి నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌కి చూపించింది. డిస్లెక్సియా అని తేలింది. తెలివికేం లోటు లేదు, అక్షరాన్నీ శబ్దాన్నీ కలుపుకోవడంలోనే ఇబ్బంది. దానికి వేరే పద్ధతిలో చదవడం నేర్పించాలి, ఏళ్ళు పెంచితే తగ్గేది కాదు. ఇప్పుడు ఆ శిక్షణతోనే నెట్టుకొస్తున్నాడు. ఆ రెండో ఏడాది వాడికి ఇచ్చిందల్లా ‘నేను మొద్దుని’ అనే నమ్మకం. దాన్ని పోగొట్టడానికి వదిన ఇప్పటికీ కష్టపడుతోంది.

మీ బాబు లెక్కలు బాగా చేస్తాడు, చదవలేడు అన్నారు చూడండి, అందుకే ఇదంతా ఇంత వివరంగా రాశాను. అది డిస్లెక్సియానే అని నేను అనడం లేదు. ఏడేళ్ళు నిండని పిల్లాడికి, సరిగ్గా నేర్పకపోయినా అలాగే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. అసర్ సర్వే వాళ్ళు ఇళ్ళకి వచ్చి పిల్లల చదువు చూసే పద్ధతే ఇది. ముందు విడి అక్షరాలు, తర్వాత చిన్న మాటలు, తర్వాత ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, చివరికి రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ. వాడు చదివిన పుస్తకంలోవి వద్దు, కొత్తవి రాసి పెట్టండి. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి తెలుగులోనే చూడండి, ఇంగ్లీషుతో కొలవకండి. ఏ మెట్టు దగ్గర ఆగాడో రాసుకోండి. తర్వాత అలాంటిదే ఇంకో కథ మీరు పైకి చదివి ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు అన్నీ చెప్పగలిగితే వాడికి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది లేదు, చదవడంలోనే ఉంది.

తర్వాత చెవులు, కళ్ళు. ఇది వాయిదా వేయకండి. తరచూ జలుబు చేసే పిల్లలకి చెవిలో నీరు చేరి సగం సగమే వినపడుతుంటుంది, పైకి పరాకుగా ఉన్నట్టు కనిపిస్తారు. ప్రభుత్వాసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగంలోనూ కంటి విభాగంలోనూ చూపించుకోవచ్చు, ప్రైవేటుకే వెళ్ళాలని లేదు. డిస్లెక్సియా లాంటివాటికి సాధారణంగా మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ళ వయసులో స్క్రీనింగ్ చేస్తారు. అంటే మీ బాబుకి ఇప్పుడే పక్కా పేరు పెట్టకపోవచ్చు. అంతవరకూ ఆగక్కర్లేదు, చదవడం నేర్పించే పని ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. రేపు అదే అని తేలినా భయం వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి సదుపాయాలు ఆ చట్టం చెప్తుంది.

ఇక మీ ఆయన మాట. ‘ఏడాది పోతుంది’ అంటే మగవాళ్ళు ఎక్కువగా ఉద్యోగం, ఎంట్రన్సులు దృష్టిలో పెట్టుకుని అంటారు. కాగితం మీద లెక్క వేసి చూపించండి. మీ వాడు ఐదు నిండగానే ఒకటో తరగతిలో చేరాడు. 2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్ళకి ఒకటో తరగతి అంటోంది. రెండో తరగతి మళ్ళీ చదివితే ఆ లెక్కలోకి వస్తాడంతే, పెద్దవాడైపోడు. ఆపకుండా వెళ్తే ఆరో తరగతికి వెళ్ళే ఏడు మార్చి 31 నాటికి పదేళ్ళు నిండవు కాబట్టి సైనిక్ స్కూలు ఆరో తరగతి ప్రవేశానికి వయసే చాలదు, దానికి పది నుంచి పన్నెండు మధ్య ఉండాలి. డాక్టరు చదువుకి నీట్ రాయాలంటే కాలేజీలో చేరే ఏడు డిసెంబరు 31కి పదిహేడు నిండాలి, ఆపినా ఆపకపోయినా మీ వాడికి అవి నిండుతాయి. కాబట్టి ఈ వయసులో ఒక ఏడాది వల్ల దారులేవీ మూసుకుపోవు. ఐదో తరగతి దగ్గర మాత్రం జాగ్రత్త. నవోదయ ప్రవేశ పరీక్షకి ఐదు రెండోసారి చదువుతున్నవాళ్ళని రానివ్వరు. ఆపాలనుకుంటే చిన్న తరగతుల్లోనే ఆపాలి అని నేను అనడానికి అది ఒక కారణం. పిల్లలకి ఊహ తెలిశాక తోటివాళ్ళు ‘తప్పాడు’ అనే మాట తట్టుకోవడం చాలా కష్టం, అది ఇంకా పెద్ద కారణం. నాలుగు దాటాక, జబ్బు చేసి ఏడాదంతా బడికి దూరమైతే తప్ప నేను ఆపమని చెప్పను.

మధ్యలో కొన్ని వారాలు బడి పోయిందని మాత్రం ఆపొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు వాళ్ళ ఇల్లు మునిగింది, పుస్తకాలన్నీ బురదలో కలిసిపోయాయి. పిల్లాడు దసరా దాకా సరిగ్గా బడికే వెళ్ళలేదు. ఆపాలా అని వాళ్ళూ అడిగారు. పై తరగతికి పంపించి వేసవిలో కూర్చోబెట్టి చదివించారు, అందుకున్నాడు. అంతకుముందు దాకా చదువు బాగానే సాగిన పిల్లాడు కాబట్టి అది చాలింది.

అత్తగారితో వాదనకి దిగకండి. మా అత్తగారూ మొదట బాధపడ్డారు. మేం చెప్పింది ఒకటే: ‘చిన్నప్పుడే వేసేశాం అత్తయ్యా, ఇప్పుడు వయసుకి తగ్గ క్లాసులో వేస్తున్నాం.’ చుట్టాలకి ఆవిడే అదే మాట చెప్పుకున్నారు, అంతటితో ఆ గొడవ సద్దుమణిగింది. బాబుకి కూడా అదే చెప్పండి, వాడి ముందు ‘ఫెయిల్’ అనే మాట రానివ్వకండి. ‘బాగా చదివితే మధ్యలో పై క్లాసుకి పంపిస్తాం’ లాంటి ఆశలు కూడా పెట్టకండి, పిల్లలు అవి మరిచిపోరు.

ఇవన్నీ చూసుకున్నాక స్కూలుకి వెళ్ళి కూర్చోండి. మళ్ళీ రెండులోనే ఉంచితే వీడికి చదవడం ఎవరు నేర్పిస్తారు, రోజులో ఏ పీరియడ్‌లో, పోయినేడు చేయనిది ఈసారి ఏం చేస్తారు అని అడగండి. రికార్డుల్లో ఏ క్లాసు రాస్తారో కూడా అడగండి. పేరు మూడులో, కూర్చోబెట్టేది రెండులో అంటే ఒప్పుకోకండి, ముందు ముందు బడి మారాల్సి వస్తే టీసీ దగ్గర చిక్కొస్తుంది. సరైన జవాబులు వస్తే, ఇంట్లో పెట్టిన పరీక్షలో బాబు ఇంకా మాటల మెట్టు దగ్గరే ఉంటే, నేనైతే ఆపుతాను. వాడి వయసుకి అది భారం కాదు. నాలుగు వాక్యాలు కూడబలుక్కునైనా చదవగలుగుతున్నాడంటే ఆపను, వేసవి రెండు నెలలూ రోజూ అరగంట పెట్టి మూడుకి పంపిస్తాను. బడి మార్చాలనిపిస్తే మాత్రం మే నెలలోనే తిరిగి చూడండి. జూన్ రెండో వారంలో బడులు తెరిచేసరికి తక్కువ మంది పిల్లలుండే మంచి చిన్న బడుల్లో సీట్లు ఉండవు.