హారన్ వినబడితే గుండె దడ

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. పిల్లల చదువుల కోసం రెండేళ్ళ కిందట నెల్లూరు వచ్చాం. ట్రంకు రోడ్డు పక్కనే మూడో అంతస్తులో అద్దె ఇల్లు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. బస్సు హారన్ వినబడితే గుండె దడ. పిల్లల్ని కొట్టేసి, తర్వాత ఏడుస్తున్నాను. ‘ఎండలో కలుపు తీసినదానివి, ఫ్యాను కింద కూర్చుని నీకేం టెన్షన్?’ అంటుంది మా అత్త. మావారిదీ అదే మాట. ఊరికి పోదామంటే ఒప్పుకోరు. ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది.
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: మీ చివరి మాటతోనే మొదలుపెడతానమ్మా. ఆ ఆలోచన మళ్ళీ వస్తే తెల్లారేదాకా ఆగకండి. మీవారిని నిద్ర లేపండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది. డబ్బులు పడవు, ఏ వేళయినా తెలుగులో మాట్లాడతారు.

ఇక అత్తగారి ప్రశ్న. కలుపు తీసేటప్పుడు మునుంలో మీ పక్కన నలుగురు ఉండేవారు కదా. కష్టం ఉండేది, కబుర్లూ ఉండేవి. ఇప్పుడు పగలంతా మీరూ, నాలుగు గోడలూ. సాయంత్రం ఎవరైనా మాట్లాడారంటే అది దెప్పడమే.

2011లో జర్మనీలోని మాన్‌హైమ్ పరిశోధకులు కొందరికి మెదడు స్కానింగ్ తీస్తూ, టైము పెట్టి లెక్కలు చేయించారు. మధ్యలో హెడ్‌ఫోన్లలో విసుక్కున్నారు. మెదడులో అమిగ్డలా అని బాదం గింజంత భాగం ఉంటుంది, ప్రమాదం వస్తే గంట కొట్టేది అదే. పల్లెవాళ్ళకంటే చిన్న పట్టణాలవాళ్ళకు, వాళ్ళకంటే పెద్ద నగరాలవాళ్ళకు అది ఎక్కువగా ఉలిక్కిపడింది. పట్నం వస్తే జబ్బు చేస్తుందని దీనర్థం కాదు. కానీ చూడండి, అక్కడ హారన్లు లేవు, విసుక్కునే గొంతు ఉంది. అందుకే ఈ జవాబు మీవారి చేత కూడా చదివించండి. ‘నీకేం టెన్షన్’ అన్న మాట ఇంట్లో ఆగితే సగం మందు పడ్డట్టే.

హారన్లనూ తేలిగ్గా తీసుకోను. రాత్రిళ్ళు ఇంటి బయట చప్పుడు 40 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో చెప్పింది. ట్రంకు రోడ్డు మీద అది కలలో మాట! పడక రోడ్డు వైపు ఉంటే ఇవాళే వెనక గదికి మార్చండి. వెనక వంటిల్లే ఉందంటారా, వంటింట్లోనే చాప వేసుకోండి.

2022లో అచ్చయిన బెర్లిన్ పరిశోధకుల మరో అధ్యయనంలో, గంటసేపు అడవిలో నడిచాక అమిగ్డలా హడావిడి తగ్గింది. రద్దీ వీధిలో నడిచినవాళ్ళకు తగ్గలేదు. రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డు అడవి కాదు, నిజమే. అయినా పొద్దున్నే వెళ్ళిరండి. ఒక్కరే వద్దు, కింది వాటా ఆవిడను పిలవండి. రెండేళ్ళయినా ఆమె ఊసే మీ ఉత్తరంలో లేదు.

ఈ వారంలోనే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, పరీక్ష చేయించండి. పిల్లల్ని కొట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పండి.

ఊరికి పోవడం గురించి ఇప్పుడే తేల్చకండి. వేసవి సెలవుల్లో నెల రోజులు ఉండి చూడండి. అక్కడ పంచలో మంచం వేసుకున్నా నిద్ర రాకపోతే, అది నెల్లూరు తప్పు కాదని మీకే తెలుస్తుంది. వస్తే, రోడ్డుకు దూరంగా ఇల్లు చూడమని మీవారిని గట్టిగానే అడగండి.