భాగస్వామి ఫోనుపై నిఘాకు అనుబంధ శైలి కారణమా?

యువ జంటల్లో ఒకరి ఫోను ఒకరు తనిఖీ చేయడం, పాస్‌వర్డ్ చెప్పమని వేధించడం అనుబంధ శైలి (దగ్గరివారితో బంధంలో మనం ఎంత భద్రంగా భావిస్తాం, ఎలా స్పందిస్తాం అన్న తీరు) వల్లనేనా? కొంతవరకు అవును. కానీ అదొక్కటే కారణం కాదు.

పసిపిల్లలకూ పెంచేవారికీ మధ్య బంధంపై మనస్తత్వ పరిశోధకులు జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ చేసిన ప్రతిపాదనలను 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ పెద్దల ప్రేమకు అన్వయించారు. ఈ శైలుల్లో ఒకటైన ఆందోళన శైలి ఉన్నవారిని ‘నన్ను వదిలేస్తారేమో’ అన్న భయం వెంటాడుతుంది. మెసేజ్ చదివినట్టు గుర్తు కనిపిస్తుంది, జవాబు రాదు. అవతలి వ్యక్తి మాత్రం ఆన్‌లైన్‌లోనే ఉంటారు. ఇక మనసు కథలు అల్లుతుంది. వరుసగా మెసేజ్‌లు, కాల్స్, ఆపై లొకేషన్ పంపమని పట్టుబట్టడం. చూశాక కలిగే ఊరట కాసేపే కాబట్టి మళ్లీ చూడాలనిపిస్తుంది. అలా నిఘా అలవాటవుతుంది. పరిశోధనల్లో ఆన్‌లైన్ నిఘాతో ఎక్కువగా ముడిపడి కనిపించేది ఈ శైలే.

దూరం పాటించే శైలివారు సాధారణంగా మౌనంలోకి జారుకుంటారు. అది అవతలివారి ఆందోళనను మరింత పెంచుతుంది.

అయితే ఆ భయం నిజమైనదే అయినా వేధింపుకు అది సాకు కాదు. ఆందోళన శైలి ఉన్నవారిలో చాలామంది ఎవరినీ వేధించరు. వ్యక్తిగత ఫొటోలు బయటపెడతానని బెదిరించడం చాలా దేశాల్లో నేరం కూడా. బెదిరింపులు వస్తుంటే స్క్రీన్‌షాట్లు దాచుకోండి, నమ్మకమైన వ్యక్తికి చెప్పండి, పాస్‌వర్డ్‌లను అవతలివారి చేతికి అందని ఫోను నుంచి మార్చండి.