తిరుపతి వేసవిలో ఆరుబయట గడపడం: ఏ వేళ, ఎక్కడ, ఎంతసేపు

వేసవిలో ఆరుబయట ఎక్కువసేపు గడిపితే ఒళ్లూ మనసూ తేలికపడతాయని అందరూ అంటున్నారు, ఎండ నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో అది సాధ్యమేనా, పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లవచ్చా అని మీరు అడిగారు. సాధ్యమే, తీసుకువెళ్లవచ్చు కూడా. అయితే ఈ సలహా ఎక్కువగా చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ వెచ్చని రోజంటే మధ్యాహ్నమంతా పచ్చికలో కూర్చోగలిగిన రోజు. మనకు మాత్రం వేసవిలో ఆరుబయట గడపడానికి పనికివచ్చేవి తెలతెలవారే వేళ నుంచి ఏడున్నర వరకు ఒకటి, పొద్దుగుంకిన తరువాత మరొకటి, ఈ రెండు వేళలే. నా అనుభవంలో వీటిలో మొదటిదే ఎక్కువ మేలు చేసింది.

నా ఉద్యోగం రోజంతా ఏసీ గదిలో, తెరలు దించిన కిటికీల మధ్య సాగుతుంది. కొన్నేళ్ల క్రితం వేసవిలో రాత్రిళ్లు నిద్ర పట్టక, పగలు చిరాకుతో, ఏ పని మీదా మనసు నిలవక చాలా అవస్థ పడ్డాను. నన్ను పరీక్షించిన డాక్టరుగారు మందు రాయకుండా, రోజూ పొద్దున్నే బయటి వెలుతురు కళ్లకు సోకేలా నడవమని చెప్పారు. మన శరీరంలోని గడియారం ఉదయపు వెలుతురును బట్టే సర్దుకుంటుంది. ఆ వెలుతురు కంటి లోపలి పొర అయిన రెటీనా ద్వారా మెదడుకు చేరితే, రాత్రి నిద్రకు తోడ్పడే మెలటోనిన్ వేళకు విడుదలవుతుంది. గదిలో ఎన్ని ట్యూబ్‌లైట్లు వేసినా వెలుతురు దాన్ని కొలిచే లెక్కలో కొన్ని వందల లక్స్‌కు మించదు, బయట చెట్టు నీడన నిలబడినా అది వేలల్లో ఉంటుంది. సూర్యుడిని నేరుగా చూడనవసరం లేదు, చూడకూడదు కూడా.

మే నెలలో మనకు 5:45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. నేను వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణలో ఆ సమయానికి నడక మొదలుపెడతాను. 1954లో ఏర్పడిన ఆ ప్రాంగణంలో పాత చెట్లు ఇంకా మిగిలి ఉండడం ఈ ఊరికి దొరికిన గొప్ప వరమని నా నమ్మకం. చైత్రంలో కానుగలు పాత ఆకు రాల్చి లేతాకు తొడుగుతాయి. ఎండలు ముదిరేసరికి వాటి కింద నీడ ఎంత దట్టంగా ఉంటుందంటే, రోడ్డు మీది నుంచి ఆ నీడలోకి అడుగుపెట్టగానే మెడ మీది చెమట చల్లబడుతుంది. శేషాచలం కొండ అంచు మీద మొదటి ఎండ పడి రాయి ఎర్రబారే ఆ కాసేపూ నడక ఆపి చూస్తాను. నడక అలవాటైన కొన్ని వారాలకు నిద్ర కుదుటపడింది. మనసులోని చిరాకు అంతకన్నా ముందే తగ్గింది.

ఎంతసేపు గడపాలన్న విషయానికి వస్తే, ఇంగ్లండ్‌లో సుమారు 20 వేల మంది సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం ఒకటి ఉంది. వారానికి 120 నిమిషాలైనా చెట్టూ చేమా ఉన్నచోట గడిపేవారిలో ఆరోగ్యం బాగుందని, మనసు కుదురుగా ఉందని చెప్పినవారు ఎక్కువ. ఆ సమయం ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. అంటే రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అది మనవంటి ఉద్యోగులకు కూడా అందేదే.

పొద్దున నడిస్తే విటమిన్ డి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పటి ఎండలోనే అది బాగా తయారవుతుంది. వేసవిలో ఇక్కడ ఆ స్థితి తొమ్మిది దాటాక గానీ రాదు, ఏప్రిల్ చివరలోనైతే మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. విటమిన్ డి కోసం ఆ ఎండలో నిలబడడం కన్నా రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు సలహా తీసుకోవడం మంచిది.

ఏసీకి అలవాటుపడిన శరీరం వేడికి సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా చెమట త్వరగా పట్టడం, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోవడం శరీరం నేర్చుకుంటుంది. అందుకే మార్చిలోనే నడక మొదలుపెట్టి మెల్లగా పెంచమని చెబుతాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో హఠాత్తుగా మొదలుపెట్టవద్దు. బయలుదేరే ముందు ఉప్పు వేసిన పలుచని మజ్జిగో రాగి అంబలో తాగితే చాలు, రంగునీళ్ల సీసాల అవసరం లేదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడే పెద్దలు మాత్రం నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో ముందుగా డాక్టరును అడగాలి. తల తిరిగినా వాంతి వచ్చినట్లున్నా నీడకు చేరాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి.

కొండకు నడిచి వెళ్లాలనుకుంటే, అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు 2,388 మెట్లే గానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. చెప్పులు లేకుండా ఎక్కుతాం కనుక వేళ చాలా ముఖ్యం. తెల్లవారుజామున మెట్ల పూజ చేసే ఆడవాళ్లు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుతూ ఎక్కుతుంటారు, అప్పుడు ఆ రాయి అరికాలికి చల్లగా తగులుతుంది. పైకప్పు లేని చోట అదే రాయి మధ్యాహ్నానికి కాలు మోపనివ్వదు.

సాయంత్రాలు మిద్దె మీద గడపడం మన పాత అలవాటే, కానీ పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. నీళ్లు చల్లి కాసేపు ఆగాలి, లేదా చెట్లున్న మైదానానికి వెళ్లాలి.

పిల్లలకు ఇది పెద్దలకన్నా అవసరం. రోజుకు రెండు గంటలు బయటి వెలుతురులో ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని కంటివైద్యులు చెబుతున్నారు, అందుకు ఎండే కానక్కరలేదు, నీడ ఉన్నా సరిపోతుంది. సెలవుల్లో చంద్రగిరి వైపో పుత్తూరు వైపో బంధువుల మామిడి తోపు ఉంటే పొద్దున్నే అక్కడ వదలండి. కొండదారికి మాత్రం వారిని ఉదయమే తీసుకువెళ్లండి. 2023లో చిరుత దాడుల తరువాత పిల్లలతో వెళ్లేవారికి మధ్యాహ్నం నుంచి ఆంక్షలు పెట్టారు. వేళలు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు దేవస్థానం వారిని అడిగి తెలుసుకోండి.