పాత ఓవర్-అండర్ షాట్‌గన్ కొనబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు చూసిన పాత ఓవర్-అండర్ షాట్‌గన్ (ఒకదానిపై ఒకటిగా రెండు బారెళ్లున్న తుపాకీ) మీది నగిషీ పని, చెక్క నునుపు ఎంతో బాగున్నాయని రాశావు. వాటి సంగతి తరువాత. ఆ తుపాకీ నీ ఒంటికి అమరుతుందా, రెండో తూటా తప్పకుండా పేలుతుందా అన్నవి తేలేదాకా బేరం ఊసెత్తవద్దు.

ముందు తుపాకీ తెరిచి, రెండు బారెళ్లూ ఖాళీగా ఉన్నాయని స్వయంగా చూసుకో. తరువాత కళ్లు మూసుకుని, దాన్ని అలవాటుగా భుజానికెత్తి, చెంప స్టాక్‌కు (వెనక చెక్క భాగానికి) ఆనించి, అప్పుడు కళ్లు తెరువు. మెడ కదపకుండానే నీ కన్ను రిబ్‌కు, అంటే పై బారెల్ మీద పొడవునా ఉండే పట్టీకి, నడిమధ్యన, దానికంటే ఒకింత ఎత్తున ఉండాలి. బారెళ్ల వెనక భాగమే అడ్డొచ్చి రిబ్ కనిపించకపోతే స్టాక్ పైఅంచు నీకు తక్కువ ఎత్తులో ఉన్నట్టు. షాట్‌గన్‌కు వెనక సైట్ ఉండదు, ఆ పని కన్నే చేయాలి. అందుకే ఆ అంచు అంగుళంలో 16వ వంతు మారినా 16 గజాల దూరంలో దెబ్బ సుమారు అంగుళం మారుతుంది. స్టాక్ పొడవు గురించి అంత బెంగ అక్కరలేదు, స్టాక్ చివర భుజానికి ఆనే బట్ ప్యాడ్ మార్చి సరిచేసుకోవచ్చు.

ట్రిగ్గర్ దగ్గర మాత్రం తొందరపడకు. బెరెట్టా 686 వంటి వాటిలో మొదటి తూటా రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) తగిలితేనే ట్రిగ్గర్ రెండో బారెల్‌కు మారుతుంది. మెకానికల్ ట్రిగ్గర్‌కు ఆ అవసరం లేదు. కాబట్టి మొదటి రకంలో స్నాప్ క్యాప్‌లు (పేలని ఉత్తుత్తి తూటాలు) వేసి మొదటిసారి నొక్కాక, రెండోసారి టక్కుమనకపోతే అది చెడిపోయిందని అనుకోకు. ట్రిగ్గర్‌ను అలాగే నొక్కి పట్టి ఉంచి, బట్‌ను (స్టాక్ వెనక చివరను) అరచేత్తో గట్టిగా చరిచి, వదిలి, మళ్లీ నొక్కు. ఈ పరీక్షను ఏ బారెల్ ముందు పేలాలో నిర్ణయించే సెలెక్టర్‌ను రెండు వైపులా పెట్టి చేయాలి, ఎందుకంటే లోపం తరచు ఒకే వరుసలో బయటపడుతుంది.

ఇంత చేసినా, నిజంగా కాల్చి చూడనిదే నమ్మవద్దు. లోపల గ్రీజు గట్టిపడిన తుపాకీ బలమైన తూటాలతో చక్కగా పనిచేసి, 24 గ్రాముల గుండ్లుండే తేలిక తూటాలకు మొరాయించవచ్చు. అందుకే నీవు వాడబోయే వాటిలో అతి తేలికవి ఒక పెట్టె, అంటే 25 తూటాలు, రేంజ్‌లో జంటలుగా కాల్చు. ఒక్కసారి నొక్కితే రెండూ పేలాయంటే అక్కడితో ఆపి, తుపాకీని తిరిగి ఇచ్చేయి. రెండోది పేలకపోతే, శుభ్రం చేస్తే సరిపోతుందని అమ్మేవారు తప్పకుండా అంటారు. అది నిజమే కావచ్చు. అయితే తుపాకీ మరమ్మతుదారుచేత ఆ పని వారే చేయించి, నీవు మరో పెట్టె కాల్చి చూసిన తరువాతే డబ్బు ఇవ్వు.