నువ్వు పంపిన మోహనం గురించి

అమ్మాయీ,

నీ ఉత్తరమూ దాంతోపాటు నువ్వు మోహన రాగం పాడి పంపిన రికార్డింగూ అందాయి. ఉత్తరం రెండుసార్లు చదివాను. రికార్డింగు వినలేదు. ఎందుకో తర్వాత చెప్తాను, కోపంతో మాత్రం కాదు.

కృతి ఎంత పెద్దదైనా పాడేస్తున్నానని, అప్పటికప్పుడు స్వరాలు అల్లాల్సిన స్వరకల్పన దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోందని రాశావు. అందుకని స్వరాలు ముందే నోట్సులో రాసుకుని, బట్టీ పట్టి, అప్పుడే తోచినట్టు పాడుతున్నావట. సిగ్గుపడకు, చాలామంది చేసే పనే అది. పైకి చెప్పరంతే. నాకు గుచ్చుకున్న మాట వేరే ఉంది: "పాడుతున్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చుని తల అడ్డంగా ఊపుతున్నట్టే ఉంటుంది, టీచర్‌గారూ."

ఆ తప్పు నాదే. పన్నెండేళ్ళు నీకు నేర్పాను. ఒక్క స్వరం అటూ ఇటూ అయితే చాలు, ఆపేసేదాన్ని. శ్రుతి, తాళం నిలబడేదాకా అలా ఆపక తప్పదు. ఆపడం ఎప్పుడు మానాలో మాత్రం నాకు తెలియలేదు. దాంతో నువ్వు నా దగ్గర వినని సంగతి ఒక్కటీ పాడకుండానే విదుషివైపోయావు.

2008లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఆరుగురు జాజ్ పియానో కళాకారుల్ని స్కానింగ్ మెషీన్లో పడుకోబెట్టి చిన్న కీబోర్డు ఇచ్చి, కంఠస్థం చేసినదీ వాయించమన్నారు, అప్పటికప్పుడు అల్లిందీ వాయించమన్నారు. అల్లుతున్నప్పుడు మెదడులో మనల్ని మనం కనిపెట్టుకుంటూ సరిదిద్దుకునే భాగాల పని తగ్గిందట. ఆరుగురిని చూసి లోకం మొత్తానికీ తీర్పు చెప్పకూడదు కానీ, నీ ఉత్తరం చదివాక నాకు అదే గుర్తొచ్చింది. నీలో ఆ కాపలా మనిషి గొంతు నా గొంతు.

సరే, పని చెప్తాను. మోహనం వదలకు. ఆది తాళంలో, సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద ఎత్తుకునే పల్లవి ఒకటి తీసుకో. మొదటి వారం గ, ప, ద, ఈ మూడు స్వరాలే. ఒక్క ఆవర్తనం, అంటే తాళం ఒక్క చుట్టు, ఎనిమిది అక్షరాలు, అంతకు మించి వద్దు. పల్లవి ఏ స్వరం మీద మొదలవుతుందో దాని పక్క స్వరం మీద వాలితే మళ్ళీ పల్లవి అందుకోవడం తేలిక. మొదట్లో దీర్ఘాలే పాడు. రెట్టింపు వేగంతో పాడే రెండో కాలం, చివర్లో తాళానికి సరిపెట్టే ముక్తాయింపు లెక్కలు ఇప్పట్లో ముట్టుకోకు. లెక్క వెనక దాక్కోవడం నీకు బాగా వచ్చు. మూడు స్వరాలతో రెండు రోజుల్లో విసుగొస్తుంది, రానీ. ఇంకేం పాడాలో తెలియని ఆ చోట "ఈ గాంధారాన్నే ఇంకాసేపు పట్టుకుంటే?" అని నీకే అనిపిస్తుంది. అలా అనిపించింది పాడు. బాగుంటే రాసుకోకు, పోతే పోనీ.

మోహనంలో ఉన్నవి స, రి, గ, ప, ద అయిదే స్వరాలు, అందులో స్వేచ్ఛ ఎక్కడిది అని అడిగావు. అయిదు స్వరాలతో పైకెళ్ళి, దిగేటప్పుడు శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం కలుపుకున్నావనుకో, అది బిలహరి. శుద్ధ మధ్యమానికి బదులు ప్రతిమధ్యమం కలుపుకుంటే మోహనకల్యాణి. ఎక్కే దారి మూడింటికీ ఒకటే. మ, ని రెండూ వద్దనుకోబట్టే అది మోహనం. పోనీ ఏదీ కలపకుండా గాంధారాన్నే షడ్జమం అనుకుని అవే అయిదు స్వరాలు పాడి చూడు, హిందోళం వినిపిస్తుంది. రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి. ఇది కచేరీలో చేసే పని కాదులే, ఇంట్లో సరదాగా చేసి చూడు.

తప్పు వస్తే ఎలా అన్నావు. వస్తుంది. ఒకసారి కచేరీలో, ఇదే మోహనంలో, "సదప" అనబోయి "సనిదప" అన్నాను. ముందు వరసలో ఒకాయన తల ఎత్తడం చూసి ఆగిపోయాను. తాళం ఆగలేదు. పల్లవి అందుకునే ఎత్తుగడ తప్పింది. వయొలిన్ ఆయన తన వంతులో నా స్వరాల వరసనే నిషాదం తీసేసి వాయించి, ఏమీ ఎరగనట్టు తల దించుకున్నాడు. నా పాట పాడైంది ఆ నిషాదం వల్ల కాదు, ఆగడం వల్ల. జాజ్‌లో తప్పు పడితే దాన్నే మళ్ళీ వాయించి కావాలని చేసినట్టు నమ్మించవచ్చంటారు. మనకు ఆ ఉపాయం పనికిరాదు, రాగంలో లేని అన్యస్వరం రెండోసారి పాడితే రాగం పోయినట్టే. కాబట్టి వదిలేసి ముందుకెళ్ళు.

ఇంకొకటి. తెచ్చి ఇచ్చిన ప్రతి రాగమూ పాడనక్కర్లేదు. 1747లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఒక స్వరవరస ఇస్తే, జర్మన్ సంగీతకర్త బాఖ్ దాని మీద అప్పటికప్పుడు ఫ్యూగ్, అంటే ఒకే వరసని చాలా గొంతుకలు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన, అల్లి వినిపించాడు. దాన్నే ఆరు గొంతుకలతో వాయించమంటే మాత్రం, ప్రతి వరసా అందుకు పనికిరాదని, తను ఎంచుకున్న వరస మీద వాయించాడట. రాజు వరస మీద ఆరు గొంతుకల ఫ్యూగ్ ఇంటికెళ్ళాక తీరిగ్గా రాశాడు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. నీకు ముప్ఫై కూడా రాలేదు, అయినా సభవాళ్ళు భైరవి అడిగితే కాదనలేకపోయానని రాశావు.

ఉద్యోగం మారాలా వద్దా అని పదిమందిని అడుగుతున్నానని కూడా ఉత్తరం చివర ఓ మూల రాశావు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడడం, వస్తే ధైర్యం దానంతటదే వస్తుందని నేననను. వేదిక మీద సింహాల్లా పాడి, ఇంట్లో నోరెత్తలేని వాళ్ళను చూశాను. కానీ స్వరం వేశాక అది బాగుందో లేదో తెలిసేలోపు ఒక క్షణం ఉంటుంది చూడు, అందులో ఎవరి ముఖమూ చూడకుండా ఉండడం అలవాటైతే నాకు ఎంతో పనికొచ్చింది. నీ ఉద్యోగం సంగతి నువ్వు అడిగిన పదకొండో మనిషిని నేను కాదలుచుకోలేదు.

రికార్డింగు అందుకే వినలేదు. వింటే సరిదిద్దకుండా ఉండలేను, నా సంగతి నీకు తెలుసు. ఆరు నెలలు నాకేమీ పంపకు.

ఆశీస్సులతో,
మీ టీచర్