మీ బండి – మా మేస్త్రీ: పెట్టె పోయిందా, పోగొట్టారా?

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది కోవూరు. రిటైరైన లెక్కల మాస్టారిని. నా దగ్గర 2005 మోడల్ చిన్న పెట్రోల్ కారుంది. పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. ఎండలో అరగంట నడిచాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముప్పావు గంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. మొన్న పెళ్లికి కావలి పోతూ హైవే మీద రెండుసార్లు ఆగింది. ఒక షెడ్డులో ‘ఇంజన్ కంప్యూటర్ పెట్టె పోయింది, కొత్తది పాతిక వేలు’ అన్నారు. ఇంకొకాయన చెన్నై నుంచి పాతది నాలుగు వేలకు తెప్పిస్తానంటున్నాడు. 2021 నవంబరులో పెన్నా వరదకు ఈ కారు సీట్ల దాకా మునిగింది. అప్పుడు సర్వీసు చేయిస్తే బాగానే నడిచింది. ఇప్పుడు పెట్టె మార్చమంటారా, కారే అమ్మేయమంటారా? మా ఆవిడ అమ్మేయమనే అంటోంది.

జవాబు: మాస్టారూ, అమ్మగారి మాట తీసిపారేయను. కానీ ముందు మూడు వందలు పెట్టి ఒక మల్టీమీటరు కొనండి. అంకెలతో బతికిన మనిషి, మీకు దాంతో కాలక్షేపం కూడా అవుతుంది.

నా పరువు పోయిన కథ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట అల్లూరు నుంచి రొయ్యల చెరువుల ఆయన కారు తెచ్చాడు. చూశాను, పెట్టె పోయింది. నిజంగానే పోయింది, అందులో పొరపాటు లేదు. పాత విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేటకు మనిషిని పంపి అదే నంబరు పెట్టె తెప్పించి బిగించాను. బండి భేషుగ్గా నడిచింది. మర్నాడు సాయంత్రానికి ఆ పెట్టె కూడా పోయింది. రెండూ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ ఒకే ట్రాన్సిస్టరు మాడి ఉంది. అది ఐడ్లింగ్ మోటారును, అంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజన్ ఆగకుండా చూసే మోటారును, తిప్పే ట్రాన్సిస్టరు. ఆ మోటారు వైండింగు లోపల షార్టయి, పెట్టిన పెట్టెనల్లా మింగుతోంది. దొంగను ఇంట్లోనే ఉంచుకుని బీరువా మార్చినట్టయింది నా పని. రెండో పెట్టె డబ్బులు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి ఎవరైనా ‘కంప్యూటర్ పోయింది’ అంటే, ‘ఎందుకు పోయింది?’ అని అడక్కుండా స్పానర్ పట్టను.

ఇక మీ కారు. వేడెక్కితే ఆగడం, చల్లారితే నడవడం అనేది కంప్యూటర్‌కే రాసిపెట్టిన జబ్బు కాదు. ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టి పెట్టెకు చెప్పే క్రాంక్ సెన్సరుకూ అదే జబ్బు, పెట్టెకు కరెంటు కలిపే మెయిన్ రిలేకూ అదే. ఈసారి రోడ్డు మీద ఆగినప్పుడు టెన్షన్ పడకుండా, బానెట్ ఎత్తకుండా, తాళం ఆన్‌లో పెట్టి రెండే గమనించండి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా? వెనక ట్యాంకు దగ్గర పంపు రెండు మూడు సెకండ్లు గుయ్‌మంటోందా? రెండూ ఉంటే పెట్టె బతికే ఉన్నట్టు లెక్క. ముందు క్రాంక్ సెన్సరును అనుమానించండి.

లైటే రాకపోతే అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. బల్బు మాడలేదని పొద్దున స్టార్ట్ చేసే ముందే, తాళం ఆన్‌లో పెట్టి చూసి పెట్టుకోండి. పెట్టెకు కరెంటు అందుతోందా అన్నది ఫ్యూజు, మెయిన్ రిలే చూస్తే తెలిసిపోతుంది. ఎక్కువమంది వదిలేసేది ఎర్త్. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొన పెట్టె ఎర్త్ వైరుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.1 వోల్టు లోపు చూపితే మంచిది. అర వోల్టు చూపితే ఎర్త్ బోల్టు కింద తుప్పు కూర్చున్నట్టే. మన సముద్రపు గాలికి అది కొత్త కాదు. బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే పాతిక వేలు మిగిలిన రోజులు నేను చూశాను.

ఇంకోటి. పెట్టె కొన్ని సెన్సర్లకు 5 వోల్టుల కరెంటు పంచుతుంది. వాటిలో ఒక్కటి షార్టయినా ఆ 5 వోల్టులు పడిపోయి పెట్టె చచ్చినట్టు పడుకుంటుంది. తాళం ఆన్‌లో ఉంచి ఆ సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది పీకినప్పుడు లైటు వెలిగిందో దొంగ అదే. కానీ పెట్టె ప్లగ్గును మాత్రం తాళం ఆన్‌లో ఉండగా పీకకూడదు. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగాలి.

మీ విషయంలో నా అనుమానమంతా వరద మీదే. ఇలాంటి చిన్న కార్లలో చాలావాటికి పెట్టె డ్యాష్‌బోర్డు కింద, ఎడమవైపు కాళ్ల దగ్గర ఉంటుంది. సీట్ల దాకా మునిగిందంటే అది స్నానం చేసే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన ఆ వరద తర్వాత నా షెడ్డుకు ఇలాంటి కార్లు వరసగా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. బురద కడిగి ఆరబెడితే అప్పటికి నడుస్తాయి. కానీ నీళ్లు దీపపు వత్తికి నూనె ఎక్కినట్టు వైరు తొడుగు లోపలికి ఎక్కి ఉంటాయి. పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టడానికి ఏళ్లు పడుతుంది. పెట్టె ప్లగ్గు విప్పి టార్చి వేసి చూడండి. చిలుము కనబడితే కాంటాక్ట్ క్లీనరు కొట్టి మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయించి, మరీ తిన్న పిన్నులు మార్పించండి. గీకకండి, పూత పోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగితే అప్పుడు నింద పెట్టె మీదికి వస్తుంది. బండి నడుస్తుండగా పెట్టెకు హెయిర్ డ్రయ్యరుతో వేడిగాలి కొట్టి చూడండి, మరీ కాలేలా కాదు. అప్పుడు ఆగితే లోపల సోల్డరు చిట్లి ఉంటుంది, లేదా కెపాసిటరు కారి ఉంటుంది. ఈ రెండూ బాగుచేయదగినవే. చెన్నైలోనూ విజయవాడలోనూ ఈ పెట్టెలే బాగుచేసేవాళ్లున్నారు. నా ఓటు ముందు దానికే, ఎందుకంటే మీ పెట్టెకు మీ తాళం తెలుసు.

పాత పెట్టె కొనాల్సి వస్తే జాగ్రత్త పడాల్సింది అక్కడే. మీ తాళంలో ఇమ్మొబిలైజర్ చిప్పు, అంటే దొంగతాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే చిప్పు ఉంటే, వేరే కారు పెట్టె దాన్ని పరాయిదనుకుని ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు. ఆ నాలుగు వేలాయన్ని, ‘ఒట్టి పెట్టేనా, ఇమ్మొబిలైజరు, తాళం చిప్పుతో సెట్టా?’ అని అడగండి. సెట్టు దొరక్కపోతే మీ పాత పెట్టెలోని ఎనిమిది కాళ్ల మెమరీ చిప్పు డేటాను కొత్తదాంట్లోకి ఎక్కించాలి. అందుకే పాత పెట్టె చచ్చినా పారేయకండి. స్టిక్కరు మీద నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి. బిగించే ముందు ఐడ్లింగ్ మోటారు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్ షార్టు లేవని మీటరుతో చూడమనండి. అల్లూరు ఆయన్ని తలుచుకుని చెబుతున్నాను.

అమ్మడం సంగతి. 2005 కారు ఆర్‌సీ 2020లో ఒకసారి, 2025లో ఇంకోసారి రెన్యువల్‌కు వచ్చి ఉండాలి. ఇరవై ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 2025లో 10,000 రూపాయలు చేశారు. మీరు అది కట్టేసి ఉంటే రిపేరుకు ఆరేడు వేల దాకా పెట్టవచ్చు. కట్టకపోయినా, ఫ్లోరు కింద తుప్పు తినేసినా, అమ్మగారి మాటే వినండి.

ప్రశ్న: ఫోనుకు బ్లూటూత్‌తో కలిపే చిన్న స్కానరు కొన్నాను. బాగానే నడుస్తున్న మా 2003 కారుకు పెడితే ‘కనెక్ట్ కాలేదు’ అంటోంది. కంప్యూటర్ పోయినట్టేనా? – ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: లేదు తమ్ముడూ. బండి నడుస్తోందని నువ్వే రాశావు కదా! మన దేశంలో ఓబీడీ, అంటే బండి తన జబ్బును తానే కనిపెట్టి స్కానరుకు చెప్పే ఏర్పాటు, ఉండాలన్న నిబంధన 2010 నుంచే మెల్లగా వచ్చింది. అంతకుముందు కార్లు చాలావరకు ఎవరి భాష వాళ్లదే, నీ స్కానరుకు ఆ భాష రాదు. కొన్నింటిలో టెస్ట్ ప్లగ్గులో రెండు పిన్నులు కలిపితే చెక్ లైటే మిణుకుమని కోడు చెబుతుంది. ఏ రెండో తెలియకుండా మాత్రం కలపొద్దు. స్కానరు వచ్చిన అట్టపెట్టె ఇంకా పారేయలేదు కదా, వాపసు ఇచ్చేయి.